చెంబు, వంకాయ, నిమ్మపండు: స్టిల్ లైఫ్ ద్వారా వాస్తవిక చిత్రణ సాధన

ఇత్తడి చెంబు ఒకటి, నల్ల వంకాయ ఒకటి, నిమ్మపండు ఒకటి, వాటి కింద పరచిన తెల్ల తువ్వాలు ఒకటి. ఈ నాలుగింటిని ఒకే దీపం వెలుగులో ఉంచి, ఉన్నవి ఉన్నట్టుగా పెన్సిలుతో కాగితం మీదికి తేగలిగితే, వాస్తవిక చిత్రణకు కావలసిన మెళకువలలో ముఖ్యమైనవన్నీ చేతికి అందినట్టే. గుండ్రటి మూతి పక్కనుంచి చూసినప్పుడు ఎలా నొక్కుకుపోయి కనిపిస్తుందో చెంబు నేర్పుతుంది. ముదురు రంగు వస్తువు మీద వెలుగు, నీడ ఎలా విడిపోతాయో వంకాయ నేర్పుతుంది. గరుకు తొక్క మీద వెలుగు ఎంత నెమ్మదిగా నీడలోకి దిగుతుందో నిమ్మపండు, తెలుపులో సైతం ఎన్ని మెట్లు ఉంటాయో తువ్వాలు చూపిస్తాయి. ఇలా కదలని వస్తువులను అమర్చుకుని, చూస్తూ గీయడాన్నే స్టిల్ లైఫ్ అంటారు. అందుకే ఈ మార్గదర్శి అంతా ఈ ఒక్క అమరిక చుట్టూనే నడుస్తుంది.

మన దగ్గర బొమ్మలు నేర్చుకునేవారిలో చాలామంది సినిమా తార ఫొటో ఒకటి తీసుకుని, దాని మీద గళ్లు గీసి, అవే గళ్లను కాగితం మీద పెద్దవి చేసి, గడి తర్వాత గడి నింపుతూ మొదలుపెడతారు. పోలిక వస్తుంది, చూసినవారు మెచ్చుకుంటారు. అయితే లోతు, ఎత్తు, వెడల్పు ఉన్న వస్తువును చదునైన తలం మీదికి తేవడమనే అసలు పనిని అక్కడ కెమెరా ముందే చేసి పెట్టింది. గీసేవారికి మిగిలింది నకలు తీయడమే. అలా రెండు మూడేళ్లు గడిపినవారు ఎదురుగా ఉన్న గ్లాసును గీయమంటే తడబడటం నేను చాలాసార్లు చూశాను. వారిలో లోపం ప్రతిభది కాదు, ఆ ఒక్క మెట్టు ఎప్పుడూ ఎక్కకపోవడమే.

ఆ మెట్టు పేరు పోల్చి చూడటం. పొడవును పొడవుతో, వాలును వాలుతో, నలుపును నలుపుతో పోల్చడం తప్ప వాస్తవిక చిత్రణలో వేరే రహస్యం లేదని నా నమ్మకం. కింద చెప్పిన ప్రతి పద్ధతీ ఏదో ఒక పోలికకు సాయపడేదే.

సామగ్రి

హెచ్‌బి, 2బి, 4బి, 6బి పెన్సిళ్లు నాలుగు చాలు. పెన్సిలు ములుకు గ్రాఫైట్ పొడినీ బంకమన్నునీ కలిపి కాల్చి తయారవుతుంది. 1795లో ఫ్రాన్సులో నికొలా జాక్ కోంతే పేటెంటు పొందిన ఈ పద్ధతి వల్లనే పెన్సిలు గట్టితనాన్ని మన ఇష్టం వచ్చినట్టు నిర్ణయించుకోగలిగాం. మన్ను పాలు పెరిగేకొద్దీ ములుకు గట్టిపడి గీత లేతగా పడుతుంది. గ్రాఫైట్ పాలు పెరిగేకొద్దీ మెత్తబడి గీత నల్లబడుతుంది. హెచ్ వర్గం పెన్సిళ్లను, అంటే గట్టి ములుకువాటిని, ఈ పనికి వద్దనడానికి కారణం ఉంది. గట్టి ములుకుతో అదిమి గీస్తే కాగితం మీది గరుకు అణిగిపోయి, తర్వాత 4బి, 6బి వేసినా అక్కడ నలుపు పట్టదు.

పెన్సిలును షార్ప్‌నర్‌తో కాకుండా బ్లేడుతో చెక్కి, ములుకు ఒకటిన్నర సెంటీమీటర్ల మేర బయటికి కనిపించేలా ఉంచుకోవాలి. అంత పొడవైన ములుకును పక్కకు వాల్చితే వెడల్పైన మెత్తటి పూత, నిలబెడితే సన్నని గీత వస్తాయి. కాగితం కనీసం 150 జీఎస్‌ఎం (చదరపు మీటరుకు 150 గ్రాముల) బరువున్న కార్ట్రిడ్జ్ షీటు, అంటే బొమ్మలు గీసే మందపు కాగితం, ఏ3 పరిమాణంలో, అంటే 297 × 420 మిల్లీమీటర్లలో ఉంటే మంచిది. జిరాక్సు కాగితం నాలుగు పొరల పెన్సిలును మోయలేదు. మామూలు రబ్బరుతో పాటు, పిండిలా పిసకగలిగే నీడబుల్ ఎరేజర్ ఒకటి కొనండి. అది చెరపడానికే కాదు, నలుపును అద్ది కొద్దికొద్దిగా తేలిక చేయడానికి కూడా పనికివస్తుంది. పరీక్షలకు వాడే అట్ట, నాలుగు క్లిప్పులు, అరచేతి కింద పెట్టుకోవడానికి ఒక చిన్న కాగితం ముక్క ఉంటే సామగ్రి పూర్తయినట్టే. ఆ కాగితం ముక్కను తేలిగ్గా తీసుకోవద్దు. మన ఎండల్లో అరచేతి చెమట తగిలిన చోట గ్రాఫైట్ మరకలుగా పట్టుకుని, ఎంత చెరిపినా పోదు.

వెలుగు, అమరిక

పడమటి దేశాల చిత్రలేఖన పుస్తకాలు ఉత్తరపు కిటికీ పక్కన కూర్చోమని చెబుతాయి. అక్కడ ఏడాదిలో చాలా కాలం ఉత్తరపు కిటికీలోకి నేరుగా ఎండ రాదు గనుక వెలుగు నిలకడగా ఉంటుంది. మన పరిస్థితి వేరు. తెలుగు నేల కర్కాటక రేఖకు దిగువన ఉంది. మార్చి చివరి నుంచి సెప్టెంబరు వరకు సూర్యుడు తూర్పుకు కాస్త ఉత్తరంగా ఉదయించి, పడమరకు కాస్త ఉత్తరంగా అస్తమిస్తాడు. ఆ నెలల్లో పొద్దున, సాయంత్రం ఉత్తరపు కిటికీలోకి కూడా ఏటవాలు ఎండ దిగి, గంట గంటకూ నీడలు జరిగిపోతాయి. కాబట్టి సాధన చేసేవారికి నా సలహా ఒక్కటే: కిటికీ మూసి, బల్ల దీపం పెట్టుకోండి. మెడ వంచగలిగే స్టాండుకు తొమ్మిది వాట్ల ఎల్‌ఈడీ బల్బు బిగిస్తే సరిపోతుంది. గదిలో ట్యూబ్‌లైట్ ఆర్పేయాలి. రెండు దీపాలుంటే ప్రతి వస్తువుకూ రెండు నీడలు పడి, ఏది ఏ దీపానిదో తేల్చుకోవడంలోనే ఓపిక అయిపోతుంది.

పెద్ద అట్టపెట్టె ఒకటి తీసుకుని, పై మూత, ముందు వైపు, ఎడమ వైపు కత్తిరించి పారేయండి. మిగిలిన అడుగు, వెనుక గోడ, కుడి గోడ మీ వస్తువులకు చిన్న రంగస్థలం. లోపల బూడిద రంగు కాగితం అంటిస్తే మరీ మంచిది. దీపాన్ని ఎడమ వైపున, వస్తువుల కంటే ఎత్తులో, సుమారు 45 డిగ్రీల వాలులో, కొంచెం ముందుకు ఉండేలా నిలపాలి. ఎడమచేతి వాటం వారు పెట్టెనూ దీపాన్నీ కుడి ఎడమలు మార్చుకుంటే, గీసేటప్పుడు తమ చేతి నీడ తమ గీత మీద పడదు.

తువ్వాలును ఇస్త్రీ చేయకుండా, రెండు మూడు పెద్ద ముడతలు పడేలా పరచండి. చెంబును మధ్యకు కాకుండా కాస్త కుడికి, వెనక్కి పెట్టండి. వంకాయను దాని ముందు వాలుగా, తొడిమ మీ వైపు ఎడమకు తిరిగేలా పడుకోబెట్టండి. వంకాయ చెంబు అడుగును కొంత కప్పాలి. అలా ఒకటి మరొకదానిని మరుగుపరచినప్పుడే ముందు వెనుకల తేడా బొమ్మలో దానంతటదే తెలుస్తుంది. రెండు వస్తువుల అంచులు ఒకదానినొకటి సరిగ్గా తాకి ఆగిపోయేలా మాత్రం ఎప్పుడూ పెట్టవద్దు, ఎందుకంటే అలా పెడితే ఏది ముందో ఏది వెనుకో చూసేవారికి అర్థం కాదు. నిమ్మపండును కొంచెం దూరంగా, ఎడమన విడిగా ఉంచండి. అమరిక కుదిరాక ప్రతి వస్తువు చుట్టూ పెన్సిలుతో సన్నగా గుర్తు పెట్టుకోవాలి; ఇంట్లో ఎవరో చెంబును తీసి మళ్లీ పెట్టడం తప్పదు.

ఇక్కడ వంకాయ గురించి ఒక మాట. కోసిన వంకాయ రెండో రోజుకే నిగనిగ తగ్గి, మూడో రోజుకు తొడిమ పక్కన సన్నగా ముడతలు పడుతుంది. అందువల్ల కొలతలన్నీ ఒకే రోజు ముగించి, నీడలు వేసేటప్పుడు వంకాయతో మొదలుపెట్టాలి. చెంబు ఎన్నాళ్లైనా వేచి ఉంటుంది.

కూర్చునే చోటు

అమరిక ఎంత వెడల్పు ఉందో దానికి కనీసం మూడింతల దూరంలో కూర్చోండి. అంతకంటే దగ్గరైతే తల తిప్పకుండా అన్ని వస్తువులనూ ఒకేసారి చూడలేరు, తల తిప్పిన ప్రతిసారీ కొలత మారుతుంది. అట్టను బల్ల మీద పరిచి గీసే అలవాటు మానుకోవాలి. కాగితం పడుకుని ఉంటే దాని పైభాగం కంటికి దూరమై కుదించుకుపోయి కనిపిస్తుంది గనుక, దానిని సరిచేయబోయి చేయి తెలియకుండానే పైకి సాగదీస్తుంది. చివరికి నిలబెట్టి చూస్తే చెంబు కూజా అయి ఉంటుంది. అట్టను ఒడిలో పెట్టుకుని బల్ల అంచుకు ఆనించి, దాదాపు నిటారుగా నిలపండి. కుర్చీ కాళ్ల దగ్గర సుద్దముక్కతో గీత గీసి, రేపు మళ్లీ అదే చోట కూర్చోండి.

కొలతలు

మొదటి గంటలో నీడ అన్న మాటే తలవకూడదు. బొమ్మ చెడిపోయేది ఎక్కువగా ఈ గంటలోనే. తర్వాత ఎంత అందంగా నీడ వేసినా వంకర చెంబు వంకర చెంబుగానే ఉంటుంది.

పెన్సిలు పట్టుకుని చేతిని మోచేతి దగ్గర ఏమాత్రం మడవకుండా ముందుకు చాచండి. ఒక కన్ను మూయండి. పెన్సిలు కొనను చెంబు మూతి ఎడమ అంచుకు కలిపి, కుడి అంచు వచ్చే చోట బొటనవేలి గోరు పెట్టండి. ఈ పొడవే మీ కొలబద్ద. ఇప్పుడు అదే పొడవుతో చెంబు ఎత్తు ఎన్ని రెట్లో, పొట్ట వెడల్పు ఎన్ని రెట్లో, వంకాయ పొడవు ఎన్ని రెట్లో లెక్కించండి. మూతి వెడల్పును ఒకటి అనుకుంటే, నేను సాధనకు వాడే చెంబు పొట్ట ఒకటిన్నర, మొత్తం ఎత్తు ఒకటీ ముప్పాతిక కంటే కొంచెం తక్కువ వస్తుంది. మీది వేరుగా ఉంటుంది. ఏ కొలతనూ ఇంకొకరి నుంచి అరువు తెచ్చుకోకూడదు. చేయి మడిస్తే కొలబద్ద పొడవు మారిపోతుంది. పెన్సిలును వస్తువు వైపు ముందుకు వాల్చినా తప్పే. మీకూ అమరికకూ మధ్య గాజు పలక ఒకటి నిలబెట్టి ఉందనుకుని, ఆ పలకకు ఆనించినట్టుగానే పెన్సిలును తిప్పాలి.

కాగితం మీద మొదట నాలుగు చిన్న గీతలు పెట్టండి: అమరిక మొత్తానికి పై హద్దు, కింది హద్దు, ఎడమ హద్దు, కుడి హద్దు. బొమ్మ ఎంత పెద్దదైనా ఈ నాలుగు గీతల మధ్యనే ఒదగాలి. తర్వాత చెంబుకు నడిమి గీత, వంకాయకు వాలు గీత వేయండి. వాలును కనిపెట్టడానికి పెన్సిలును ఆ వంకాయ వాలుకు సరిపోయేలా గాలిలో పట్టుకుని, ఆ కోణం చెడకుండా కాగితం మీదికి దించాలి. గడియారం ముల్లుతో పోల్చుకోవడం ఇంకా తేలిక: వంకాయ నాలుగు గంటల ముల్లులా వాలిందా, నాలుగున్నరలా వాలిందా అని మనల్ని మనం అడిగితే కన్ను వెంటనే జవాబు చెబుతుంది.

గోడ నిట్టనిలువుగా ఉందో లేదో చూడటానికి తాపీమేస్త్రి దారానికి గుండు కట్టి వేలాడదీస్తాడు. మీరూ ఒక దారానికి తాళంచెవి కట్టి కంటి ముందు వేలాడదీయండి. చెంబు ఎడమ అంచు నుంచి దారం కిందికి దిగితే వంకాయను ఎక్కడ కోస్తుంది? నిమ్మపండు కుడి అంచు నుంచి నిలువుగా పైకి వెళితే పెట్టె గోడ మీద ఏం తగులుతుంది? ఇలాంటి ఐదారు నిలువు పోలికలు, ఐదారు అడ్డ పోలికలు తీసుకుంటే వస్తువులు తమ తమ చోట్లలో కదలకుండా కూర్చుంటాయి.

వంపులను మొదటే వంపులుగా గీయవద్దు. వంకాయను ఆరేడు నిటారు గీతల ముక్కలుగా, చెంబు పొట్టను నాలుగైదు ముక్కలుగా చేసి గీయండి. వంపు ఎక్కడ ఎక్కువ తిరిగిందో, ఎక్కడ దాదాపు సూటిగా పోయిందో ఈ ముక్కలు నిక్కచ్చిగా చూపిస్తాయి. ఆ తర్వాత వస్తువులను వదిలి వాటి మధ్య ఖాళీలను చూడండి. చెంబు మెడకూ వంకాయ పైఅంచుకూ నడుమ కనిపించే వెనుక గోడ ముక్క ఒక ఆకారం. దానికి పేరు లేదు, అది ఇలా ఉండాలని మన మనసుకు ముందస్తు అభిప్రాయం లేదు, అందుకే దానిని కన్ను ఉన్నది ఉన్నట్టు చూస్తుంది. ఖాళీ సరిగ్గా వస్తే దాని రెండు పక్కల వస్తువులూ సరిగ్గా వచ్చినట్టే.

చెంబు మూతి

ఈ ఒక్క విషయానికి వారం రోజులు కేటాయించినా ఎక్కువ కాదు. గుండ్రటి మూతి పక్కనుంచి చూస్తే దీర్ఘవృత్తంగా కనిపిస్తుంది. అది ఎంత తెరుచుకుని కనిపించాలన్నది మీ చూపు దిగే కోణాన్ని బట్టి ఉంటుంది. కన్ను మూతితో సమానమైన ఎత్తులో ఉంటే మూతి ఒక గీత మాత్రమే. చూపు 15 డిగ్రీల వాలులో దిగితే దీర్ఘవృత్తం ఎత్తు దాని వెడల్పులో పావు కంటే కాస్త ఎక్కువ ఉంటుంది. 30 డిగ్రీలైతే సరిగ్గా సగం. నేరుగా పైనుంచి చూస్తే పూర్తి వృత్తం.

దీని నుంచే కొత్తవారు దాదాపు అందరూ చేసే పొరపాటు అర్థమవుతుంది. చెంబు అడుగు మూతి కంటే కంటికి ఇంకా కిందికి ఉంది, అంటే చూపు అక్కడికి మరింత వాలుగా దిగుతుంది, అంటే అడుగు దీర్ఘవృత్తం మూతి కంటే ఎక్కువ తెరుచుకుని ఉండాలి. అయినా చెంబు చదునైన బల్ల మీద కూర్చుందని మనసుకు తెలుసు గనుక చేయి అడుగును అడ్డగీతగా గీసేస్తుంది. అప్పుడు ఆ చెంబు మూతి ఒకరు పైనుంచి చూసినట్టు, అడుగు ఇంకొకరు ఎదురుగా చూసినట్టు ఉంటుంది. దీనికి విరుగుడు, వంకాయ చాటున ఉన్న అడుగు భాగాన్ని కూడా చెంబు గాజుదైనట్టు పూర్తిగా, లేతగా గీయడం. మూతి, మెడ, పొట్ట, అడుగు నాలుగు చోట్లా నాలుగు పూర్తి దీర్ఘవృత్తాలు గీసి, పైనుంచి కిందికి పోయేకొద్దీ అవి క్రమంగా తెరుచుకుంటున్నాయో లేదో చూసుకుని, తర్వాత కనిపించని భాగాలను చెరిపేయండి.

దీర్ఘవృత్తం రెండు చివరలూ ఎప్పుడూ మొనదేలవు. ఎంత నొక్కుకుపోయినా చివర చిన్న గుండ్రటి మలుపు ఉంటుంది. బాదంకాయ ఆకారం వస్తే అది తప్పు. నిలబెట్టిన చెంబుకు దీర్ఘవృత్తం పొడవు గీత నడిమి గీతకు సరిగ్గా లంబంగా ఉండాలి. కాగితాన్ని పక్కకు తిప్పి చూస్తే ఎడమ సగం, కుడి సగం సమానంగా ఉన్నాయో లేదో ఇట్టే తెలుస్తుంది. గీసేటప్పుడు వేళ్లను కాదు, భుజాన్ని కదపాలి. పెన్సిలును కాగితానికి తాకించకుండా రెండు మూడుసార్లు గాలిలో చుట్టూ తిప్పి, అదే ఊపులో లేతగా దించాలి. పాత దినపత్రికల మీద రోజుకు ఒక పేజీ నిండా దీర్ఘవృత్తాలు గీస్తే నెల తిరిగేసరికి చేతికి ఆ ఊపు అలవడుతుంది.

మూతికి మందం ఉందన్నది మరిచిపోవద్దు. అంచు మందాన్ని చూపే లోపలి దీర్ఘవృత్తానికీ బయటి దానికీ మధ్య ఎడం, రెండు పక్కల ఎక్కువగా, ముందు వెనుకల తక్కువగా కనిపిస్తుంది.

నలుపు మెట్లు

బొమ్మ కాగితం పక్కన రెండు సెంటీమీటర్ల గడులు తొమ్మిది గీసి, ఒకటో గడిని ఖాళీ కాగితంగా వదిలి, తొమ్మిదో గడిని 6బి తో వీలైనంత నల్లగా నింపండి. మధ్యలో ఏడు మెట్లు సమాన దూరంలో నల్లబడుతూ రావాలి. ముందు అయిదో గడిని నింపి, తర్వాత మూడు, ఏడు నింపితే మెట్లు సమంగా కుదురుతాయి. ఈ పట్టీ చిత్రణ అంతటా మీ పక్కనే ఉంటుంది.

ఇప్పుడు అమరికను రెప్పలు సగం వాల్చి చూడండి. చిన్న చిన్న వివరాలు మాయమై పెద్ద వెలుగు ముద్దలు, పెద్ద నీడ ముద్దలు మాత్రమే మిగులుతాయి. రంగు కూడా కొంత వెనక్కి తగ్గి, ఏది ఎంత ముదురో తేలుతుంది. మా అమరికలో తువ్వాలు వెలుగు భాగం ఒకటి, దాని మీద పడిన నీడ నాలుగు. నిమ్మపండు వెలుగు భాగం మూడు, నీడ భాగం ఆరు. వంకాయ వెలుగు భాగం ఏడు, నీడ భాగం తొమ్మిది. ఈ అంకెలను ఒక్కసారి నిదానంగా పోల్చండి. తెల్ల తువ్వాలు మీది నీడ కంటే, దీపం నేరుగా పడుతున్న వంకాయ ఒంటి మీది వెలుగు మూడు మెట్లు ముదురు. నీడ అంటే నలుపు, వెలుగు అంటే తెలుపు అని లెక్క వేసుకుని గీసేవారికి ఇక్కడే బొమ్మ చెడుతుంది. తువ్వాలు నీడను తొమ్మిదితో నింపేస్తే అది గుడ్డలా కాక బొగ్గులా కనిపిస్తుంది; వంకాయ వెలుగును రెండుతో వదిలేస్తే అది వంకాయ కాక మైనపు బొమ్మ అవుతుంది.

నిజమైన దీపం మెరుపుకూ పెట్టె మూలలోని చీకటికీ ఉన్న దూరాన్ని కాగితం తెలుపు, గ్రాఫైట్ నలుపు ఎన్నటికీ అందుకోలేవు. మనం చేయగలిగేది ఆ దూరాన్ని అదే క్రమంలో కుదించడం. అందుకే విడిగా ఒక్క చోటి నలుపు ఎంత అన్న ప్రశ్నకు అర్థం లేదు. దీని పక్కది దీని కంటే లేతదా, ముదురా, ఎంత తేడా అన్నదే ప్రశ్న.

వెలుగు నీడల హద్దు

ప్రతి వస్తువు మీదా వెలుగు అందే భాగానికీ అందని భాగానికీ మధ్య ఒక హద్దు ఉంటుంది. నిమ్మపండు మీద దానిని వెతకండి. రెప్పలు వాల్చితే కనిపిస్తుంది. ఆ హద్దును లేత గీతగా గీసి, నీడ వైపు భాగాన్నీ, పండు నుంచి తువ్వాలు మీద పడిన నీడనూ కలిపి ఒకే ముద్దగా 2బి తో సమంగా నింపండి. మూడు వస్తువులకూ ఇదే పని చేసి ఆగి, ఆరడుగుల దూరం నుంచి చూడండి. రెండే రెండు మెట్లలో ఉన్నప్పటికీ బొమ్మకు అప్పుడే గుండ్రదనం, బరువు వచ్చి ఉండాలి. రాకపోతే హద్దు తప్పు చోట పడిందని అర్థం. వివరాలతో దానిని కప్పిపుచ్చలేం.

ఆ తర్వాతే మెట్ల మధ్య మెట్లు. హద్దు పక్కన వెలుగు వైపున మధ్యఛాయ, అంటే వెలుగుకూ నీడకూ నడిమి మెట్టు, నెమ్మదిగా దిగుతుంది. హద్దుకు కాస్త అవతల, నీడలోపల, అన్నిటికంటే ముదురైన పట్టీ ఉంటుంది. ఇంకా అవతలికి, వస్తువు అడుగుకు పోతే తువ్వాలు నుంచి ఎగిరిన వెలుగు తగిలి నీడ మళ్లీ కొంచెం తేలిక పడుతుంది. ఈ ఎగిరిన వెలుగు కొత్తవారికి చాలా ఇష్టం, దానిని తెల్లగా వదిలేస్తుంటారు. అది నీడలో భాగమే గనుక, అదే వస్తువు మీది వెలుగు భాగం కంటే ఎన్నడూ లేతగా ఉండకూడదు. చివరిగా, వస్తువు తువ్వాలును తాకే చోట వెలుగు ఏ దిక్కు నుంచీ దూరలేని సన్నని చీకటి గీత ఉంటుంది. దానిని 6బి తో ఒక్కసారి దిద్దితే అప్పటిదాకా గాలిలో తేలుతున్న పండు తువ్వాలు మీద కూర్చుంటుంది.

నలుపును అదిమి తెచ్చుకోవద్దు. అదిమితే గ్రాఫైట్ అద్దంలా మెరిసి, పక్కనుంచి చూసినప్పుడు నలుపు తెల్లగా కనిపిస్తుంది. లేత పొర మీద లేత పొర, ప్రతి పొర గీతల దిశను కొద్దిగా మార్చుతూ నాలుగైదు పొరలు వేయాలి. వేలితో రుద్ది నునుపు చేసే అలవాటు మంచిది కాదు. వేలి జిడ్డు కాగితానికి పట్టుకుంటుంది. నునుపు తప్పనిసరి అనిపించిన చోట మెత్తటి టిష్యూ కాగితం వాడి, దాని మీద మళ్లీ ఒక పొర పెన్సిలు వేయండి.

ఒక్కో వస్తువు దగ్గరికి

వంకాయ మీద మెరుపు చుక్క ఒక్కటే నిజమైన తెలుపు. దాని ఆకారాన్ని దగ్గరగా చూస్తే అది చుక్క కాదు, బల్బు ఆకారం వంకాయ వంపుకు సాగిన సన్నని ముక్క అని తెలుస్తుంది. అక్కడ కాగితాన్ని మొదటి నుంచీ తాకకుండా వదలాలి. తర్వాత రబ్బరుతో తెచ్చిన తెలుపుకు ఆ తళుకు రాదు. తొడిమ రంగు ఆకుపచ్చ, మెరుపు లేదు, ఒంటి కంటే మూడు నాలుగు మెట్లు లేత. తొడిమ రెక్కలు ఒంటిని కప్పి ఆగే చోట వాటి కింద వెంట్రుకంత నీడ పడుతుంది. ఆ నీడ ఒక్కటి గీస్తే రెక్కలు లేచి నిలబడతాయి.

నిమ్మపండు తొక్క మీది సన్నని గుంటలను పండంతా చుక్కలుగా పెట్టేయడం తగదు. వెలుగు నేరుగా పడే చోట గుంటలు కొట్టుకుపోతాయి, నీడలో కనిపించవు. వెలుగు ఏటవాలుగా జారే మధ్యఛాయలో మాత్రమే అవి బయటపడతాయి. ఆ సన్నని పట్టీలో పది పదిహేను గుంటలు చూపితే చాలు, మిగిలిన తొక్కను చూసేవారి కన్నే పూరించుకుంటుంది.

చెంబు దగ్గర ఇత్తడిని గీయాలని ప్రయత్నించవద్దు. ఇత్తడిలో కనిపించే గదిని గీయండి. ఉబ్బెత్తు పొట్ట మీద దీపం చిన్న తెల్లటి ముక్కగా, తువ్వాలు కింది అంచున లేత పట్టీగా, వంకాయ వంపు తిరిగిన నల్లటి మచ్చగా, గీస్తున్న మీరు మధ్యలో సన్నని ముదురు చారగా కనిపిస్తారు. నిమ్మపండు మీద వెలుగు నుంచి నీడకు మెల్లగా దిగిన మెట్లు ఇక్కడ తెల్లటి మెట్టు పక్కనే నల్లటి మెట్టుగా, కత్తితో కోసినట్టు మారతాయి. లోహం లోహంగా కనిపించేది ఆ దూకుడు వల్లనే. అందుకే మొదటి బొమ్మకు, పదిరోజులుగా తోమని, మసకబారిన చెంబును ఎంచుకోండి. దాని మీద ప్రతిబింబాలు మెత్తగా, తక్కువగా ఉంటాయి. అదే చెంబును చింతపండుతో తళతళలాడేలా తోమి రెండో బొమ్మ గీస్తే, ఒకే ఆకారం మీద ఉపరితలం మారితే ఏమేం మారుతుందో చేతికి తెలిసివస్తుంది.

తువ్వాలులో పోగులు లెక్కపెట్టాల్సిన పని లేదు. దాని అంచున ఉన్న రంగు చారను శ్రద్ధగా గీయండి. ముడత మీద అది ఎక్కి, వెనుక మరుగై, మళ్లీ బయటికి వచ్చే తీరు ముడతల ఎత్తుపల్లాలను వంద గీతలకంటే బాగా చెబుతుంది.

ఫ్రెంచి చిత్రకారుడు షార్దాఁ (1699–1779) తన వంటింటి రాగి పాత్రలను, పండ్లను మళ్లీ మళ్లీ చిత్రించాడు. ఇటలీలోని బొలోన్యాలో జోర్జో మొరాండి (1890–1964) దశాబ్దాల పాటు కొన్ని సీసాలు, జాడీలనే చోట్లు మార్చి వేస్తూ వచ్చాడు. కొత్త వస్తువు కోసం వెతికే ముందు ఉన్న చెంబునే మరో వైపు నుంచి చూడాలన్న సలహాకు వారి పని కంటే మంచి ఆధారం నాకు తెలియదు.

అంచులు

బొమ్మ చుట్టూ ఒకే మందపు గీత ఉంటే అది వస్తువు కాదు, కత్తిరించి అంటించిన కాగితం. ప్రకృతిలో గీత ఉండదు. ఒక మెట్టు పక్కన ఇంకో మెట్టు ఉంటుంది. వంకాయ పైఅంచు తెల్ల తువ్వాలుకు ఆనిన చోట హద్దు పదునుగా ఉంటుంది, దానిని పదునుగా ఉంచండి. వంకాయ నీడ వైపు, పడిన నీడలో కలిసే చోట రెప్పలు వాల్చి చూస్తే హద్దు దాదాపు కనిపించదు. అక్కడ గీతను చెరిపి రెండు నలుపులనూ కలిపేయండి. భయం వేస్తుంది, అయినా చేయండి. పడిన నీడ అంచు కూడా అంతటా ఒకేలా ఉండదు. వస్తువు దగ్గర పదునుగా మొదలై, దూరం పోయేకొద్దీ మెత్తబడి తేలిపోతుంది.

సరిచూసుకోవడం

ప్రతి అరగంటకూ లేచి ఆరడుగుల వెనక్కి వెళ్లండి. చేతి అద్దంలో బొమ్మను తిప్పి చూడండి. కంటికి అలవాటైపోయి దాగిన వంకరలన్నీ అద్దంలో బయటపడతాయి. కాగితాన్ని తలకిందులు చేసినా అంతే. ఫోనుతో అమరికనూ బొమ్మనూ నలుపు తెలుపు ఫొటోలుగా తీసి పోల్చుకోవచ్చు, అది మెట్లను సరిచూడటానికి బాగా పనికివస్తుంది. ఆకారాన్ని సరిచూడటానికి మాత్రం దానిని నమ్మవద్దు. ఫోనును దగ్గరగా పెట్టి తీస్తే ముందున్న వంకాయ ఉబ్బి, వెనుక చెంబు చిన్నబోయి కనిపిస్తుంది.

ఈ బొమ్మకు మొత్తం ఆరు నుంచి ఎనిమిది గంటలు పడుతుంది. ఒక్కరోజులో కూర్చుని ముగించకుండా, రోజుకు గంటన్నర చొప్పున అయిదు రోజులకు పంచండి. మొదటి రోజు కొలతలు, రెండో రోజు వంకాయ, మూడో రోజు నిమ్మపండు, తువ్వాలు, నాలుగో రోజు చెంబు, అయిదో రోజు అంచులు, చీకటి గీతలు. ఇది కుదిరాక వంకాయ స్థానంలో ఉల్లిపాయ, చెంబు స్థానంలో స్టీలు గ్లాసు, చివరికి సగం నీళ్లున్న గాజు గ్లాసు పెట్టండి. గాజులో నీటి మట్టానికి ఒక దీర్ఘవృత్తం, గ్లాసు మూతికి ఒకటి, అడుగుకు ఒకటి ఉంటాయి గనుక చెంబు దగ్గర పడిన శ్రమ అక్కడ అక్కరకొస్తుంది.

పూర్తయిన బొమ్మ మీద బటర్ పేపరు కప్పి, చదునుగా ఫైలులో దాచండి. వానాకాలంలో అల్మరా కింది అరలో పెట్టవద్దు, కాగితం తేమ పీల్చి అలలు తేలుతుంది. కాగితం వెనుక తేదీ, దీపం ఏ వైపు ఉంది, ఎంత దూరంలో కూర్చున్నారు, ఏ చెంబు అన్నవి రాసి ఉంచండి. మూడు నెలల తర్వాత అదే చెంబును అదే దీపం కింద పెట్టి మళ్లీ గీసి, రెండు కాగితాలనూ పక్కపక్కన గోడకు ఆనించి, ముందుగా రెండు మూతుల దీర్ఘవృత్తాలను పోల్చి చూడండి.